తుపాకీ మీద ఎదురుమాట

*సాయుధ పోరాటం గురించి తమ పార్టీకి, తమ సభకు, తమ వాళ్లకే నచ్చని మాట చెప్పిన తెలుగు నాయకుల కథ*

2023 డిసెంబరు 7. హైదరాబాద్ ఎల్బీ స్టేడియం కిక్కిరిసి ఉంది. రేవంత్ రెడ్డి మంత్రివర్గం ప్రమాణ స్వీకారం చేస్తోంది. అందరూ సీతక్క అని పిలిచే ధనసరి అనసూయ పేరు మైకులో వినబడగానే జనంలో హోరు లేచింది. సీతక్క వచ్చి మైకు ముందు నిలబడినా అది తగ్గలేదు. ఒకప్పుడు జనశక్తి దళంలో తుపాకీ భుజాన వేసుకుని అడవులు తిరిగిన ములుగు ఆదివాసీ ఆడబిడ్డ, రాజ్యాంగానికి విధేయంగా ఉంటానని ప్రమాణం చేసి మంత్రి అయింది.

అదే వేదిక మీద దుద్దిళ్ల శ్రీధర్ బాబు కూడా మంత్రిగా ప్రమాణం చేశారు. ఆయన తండ్రి శ్రీపాదరావు ఉమ్మడి రాష్ట్ర శాసనసభకు స్పీకర్‌గా చేసిన మనిషి. 1999 ఏప్రిల్‌లో నక్సలైట్లు ఆయన్ను కాల్చి చంపారు. గ్రూపు వేరు కావచ్చు, కానీ తండ్రిని పోగొట్టుకున్న ఇంటికి తుపాకీ తుపాకీయే. ఇక ఆ మైదానానికీ ఒక నెత్తుటి చరిత్ర ఉంది. నక్సలైట్లను ఎదుర్కొనే గ్రేహౌండ్స్ దళాన్ని తీర్చిదిద్దిన ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ 1993 జనవరి 27న జాగింగ్ చేస్తూ నక్సలైట్ల తూటాలకు బలైంది ఆ ఎల్బీ స్టేడియంలోనే.

తుపాకీ పట్టినవాళ్లూ తుపాకీకి అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లూ ఒకే క్యాబినెట్‌లో పక్కపక్కన కూర్చునే రోజు ఈ నేల మీద వచ్చింది. అయినా సాయుధ పోరాటం గురించి, దాన్ని అణచే పద్ధతి గురించి నలుగురికీ నచ్చని మాట అనాలంటే మాత్రం మన నాయకుడికి ఇప్పటికీ గుండెధైర్యం కావాలి.

2025లో ఆ సంగతి మరోసారి రుజువైంది. మావోయిస్టుల ఏరివేతకు కేంద్రం 2026 మార్చి 31ని గడువుగా పెట్టుకుని ఆపరేషన్ కగార్ నడిపింది. మే 21న మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి, శ్రీకాకుళం జిల్లా జియ్యన్నపేటకు చెందిన నంబాల కేశవరావు అబూజ్‌మడ్ అడవుల్లో హతమయ్యారు. నవంబరు 18న మావోయిస్టు నేత హిడ్మా మన మారేడుమిల్లి అడవుల్లో చనిపోయాడు. ఈ మధ్యలో చర్చలు జరపండి అన్న నాయకుడికి నక్సలైట్ల వకీలన్న ముద్ర పడింది. ఆయుధాలు దించుదాం అన్న మావోయిస్టు నాయకుడు తన పార్టీకి ద్రోహి అయ్యాడు. ఈ రెండు ముద్రలూ నిన్న మొన్న పుట్టినవి కావు. డెబ్బయ్యేళ్లకు పైబడిన చరిత్ర ఉంది వాటికి.

పిలుపు ఇచ్చినాయనే ఆపమన్నాడు

భువనగిరి తాలూకా బొల్లేపల్లిలో 1908లో పుట్టిన రావి నారాయణరెడ్డి భూస్వాముల బిడ్డ. మంచి ఆటగాడు. హరిజన సేవక సంఘంలో పనిచేశాడు. 1944లో భువనగిరి ఆంధ్ర మహాసభకు అధ్యక్షుడు ఆయనే. సభ్యత్వ రుసుమును నాలుగణాలకు దించి, కూలి నాలి జనానికి సంఘం తలుపులు తెరిచిన సభ అది. 1947 సెప్టెంబరు 11న నిజాం మీద సాయుధ పోరాటానికి పిలుపు ఇచ్చిన ముగ్గురిలో ఆయన ఒకరు. తక్కిన ఇద్దరు బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్.

సరిగ్గా ఏడాదికి, 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. నిజాం లొంగిపోయాడు, రజాకార్ల పీడ వదిలింది. భారత సైన్యాన్ని జనం చాలాచోట్ల ఎదురేగి ఆహ్వానించారు. అప్పుడు కమ్యూనిస్టు పార్టీ ముందు నిలిచిన ప్రశ్న ఇది: దొరల నుంచి గుంజుకున్న భూమిని కాపాడుకోవడానికి తుపాకులు దించకుండా నెహ్రూ సైన్యంతో పోరాడాలా, లేక ఇక్కడితో ఆపాలా?

ఆపాలన్నాడు రావి నారాయణరెడ్డి. రజాకార్లతో పోరాడినప్పుడు వెనక నిలిచిన జనం, కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశపు సైన్యంతో పోరాడితే నిలవరని ఆయన వాదన. పార్టీ అప్పుడు సాయుధ తిరుగుబాటే దారి అన్న రణదివే పంథాలో ఉంది. పోరాటం సాగాల్సిందే అన్నవాళ్లదే పైచేయి. పిలుపు ఇచ్చిన నోటితోనే ఆపమన్నందుకు ఆయన సొంత సహచరుల నిందలు మోశాడు. తన వాదనను రాసి బయటపెట్టినప్పుడు ఆ నిందలు ఇంకా పెరిగాయి. పార్టీ లెక్కల్లోనే ఆ పోరాటం మూడు వేల గ్రామాల్లో సాగింది, పది లక్షల ఎకరాలు పంచింది, నాలుగు వేల మంది ప్రాణాలు తీసుకుంది. ఆ నాలుగు వేల మందిలో చాలామంది సైన్యం దిగాక చనిపోయినవాళ్లు. ఊళ్లకు ఊళ్లు మిలిటరీ క్యాంపుల నీడలో నలిగాయి. దళాలు మైదానాలు వదిలి గోదావరి అడవులకు తరలాయి.

1951 ఆరంభంలో అగ్ర నాయకులు రహస్యంగా మాస్కో వెళ్లి స్టాలిన్‌ను కలిశారు. వాళ్లలో ఇద్దరు, మాకినేని బసవపున్నయ్య, చండ్ర రాజేశ్వరరావు, మన తెలుగువాళ్లే. ఆ ఏడాది అక్టోబరు 21న పోరాట విరమణ ప్రకటన వెలువడింది. రావి నారాయణరెడ్డి ఎప్పుడో చెప్పిన మాటకే పార్టీ చివరికి వచ్చింది. ఈలోపు పోయిన ప్రాణాలు తిరిగి రాలేదు.

తర్వాతి ఏడాది తొలి సార్వత్రిక ఎన్నికలు. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద ఇంకా నిషేధం ఉండటంతో పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) పేరిట నల్లగొండ లోక్‌సభకు ఆయన నిలబడ్డాడు. 3,09,162 ఓట్లు పడ్డాయి. దేశం మొత్తంలో అన్ని ఓట్లు ఎవరికీ రాలేదు, జవహర్‌లాల్ నెహ్రూకూ పడలేదు. ఆ ఓట్లు పోరాటానికి పడ్డాయా, విరమణకు పడ్డాయా అన్న వాదన ఇప్పటికీ నడుస్తూనే ఉంది. నా మట్టుకు నాకు రెండింటికీ పడ్డాయనిపిస్తుంది. దొర గడీకి ఎదురు నిలిచిన మనిషినీ, ఇక చాలన్న మనిషినీ నల్లగొండ జనం వేరు చేసి చూడలేదు. చూసింది పార్టీయే.

---
బాక్స్: కడవెండి, రెండు తేదీలు

1946 జూలై 4న విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య నేలకొరిగింది జనగామ ప్రాంతంలోని కడవెండిలో. తెలంగాణ పోరాటానికి తొలి అమరుడు ఆయనే. అదే ఊళ్లో పుట్టిన గుముడవెల్లి రేణుక మావోయిస్టు పార్టీలో దశాబ్దాలు పనిచేసింది. ఆ జీవితం మీద కథలు రాసింది. 2025 మార్చి 31న దంతెవాడ ప్రాంతంలో జరిగిన ఎన్‌కౌంటర్‌లో చనిపోయింది. అంత్యక్రియలు కడవెండిలోనే జరిగాయి. రెండు చావుల మధ్య 78 ఏళ్లు.

---

సభలో ఉండలేక, చంపడం ఒప్పుకోలేక

రావి నారాయణరెడ్డి నడిచిన దారికి పూర్తిగా ఎదురు దారిన నడిచిన మనిషి తరిమెల నాగిరెడ్డి. ఆయనదీ అనంతపురం జిల్లాలో సంపన్న భూస్వామ్య కుటుంబమే. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదువు. యుద్ధం మీద పుస్తకం రాసినందుకు తెల్లదొరల జైలు. 1952లో జైల్లో ఉండగానే మద్రాసు శాసనసభకు అనంతపురం నుంచి గెలిచాడు. ఓడింది ఎవరనుకున్నారు? సొంత బావ నీలం సంజీవరెడ్డి. తర్వాత ముఖ్యమంత్రి, రాష్ట్రపతి అయిన సంజీవరెడ్డే.

అలాంటి నాగిరెడ్డి 1969 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభలో నిలబడి రాజీనామా ప్రకటించాడు. ఈ చట్టసభల ద్వారా పేదవాడికి భూమి దక్కుతుందన్న నమ్మకం తనకు లేదనీ, జనాన్ని పోరాటానికి సమీకరించడానికే వెళ్తున్నాననీ చెప్పి బయటకు నడిచాడు. అప్పటికే శ్రీకాకుళం మండుతోంది. 1967 అక్టోబరు 31న లేవిడిలో భూస్వాముల తుపాకులకు కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు బలయ్యాక ఆ కొండలు చల్లారలేదు.

సభలో ఉన్నవాళ్లకు నాగిరెడ్డి మాట రుచించలేదు. 1952 నుంచి ఓట్లతో గెలుస్తూ వచ్చిన మనిషి ఓటు మీద నమ్మకం పోయిందంటే ఎవరికి రుచిస్తుంది? అయితే అటు నక్సలైట్లకూ ఆయన కంట్లో నలుసే అయ్యాడు. వర్గ శత్రువును ఒక్కొక్కణ్ణీ వెతికి చంపాలన్న నక్సలైట్ నేత చారు మజుందార్ పంథా ఆయనకు సమ్మతం కాదు. జనం కదలకుండా, భూమి సమస్య ముందుకు రాకుండా నలుగురు చాటుగా వెళ్లి ఒకణ్ణి నరికి వస్తే అది విప్లవం కాదన్నది ఆయన పట్టు. ఆయన రాజీనామాకు కాస్త ముందే, 1969 ఫిబ్రవరిలో, చారు మజుందార్ వర్గం నాగిరెడ్డి ఉన్న ఆంధ్ర కమిటీతో తెగతెంపులు చేసుకుంది.

ఆ ఏడాది చివర్లో మద్రాసులో అరెస్టు, తర్వాత హైదరాబాద్ కుట్ర కేసు. కోర్టుకు ఇవ్వడానికి జైల్లో రాసిన వాంగ్మూలమే 'తాకట్టులో భారతదేశం' పుస్తకమైంది. ఎమర్జెన్సీలో అజ్ఞాతంలో ఉండగా జబ్బుపడి, మారుపేరుతో ఉస్మానియా ఆసుపత్రిలో చేరి, 1976 జూలై 28న కన్నుమూశాడు. ఒకప్పుడు రాష్ట్రమంతా ఎరిగిన ప్రజాప్రతినిధికి ఆసుపత్రి రిజిస్టర్‌లో సొంత పేరు రాయించుకునే వీలు లేకపోయింది.

సాయుధ పోరాటాన్ని సమర్థించిన ఆయన నిర్ణయంతో నేను ఏకీభవించను. ఓటు దారి మూసుకుపోయిందనడం తొందరపాటే అయింది. దున్నేవాడికి ఈ రాష్ట్రంలో ఎంతో కొంత భూమి దక్కిందంటే దాని వెనక చట్టాలూ ఉన్నాయి, ఆ చట్టాలు చేయించిన పోరాటాలూ ఉన్నాయి. కానీ తన పక్షం చేస్తున్న హత్యలు తప్పని, ఆ పక్షం ఊపుమీదున్న రోజునే చెప్పగలిగిన నాయకులు మనకు ఎంతమంది ఉన్నారు? ఆ సాహసానికి తగిన గౌరవం నాగిరెడ్డికి ఇంతవరకు దక్కలేదు.

దేశభక్తులన్న నోటనే

ఎన్టీ రామారావు రాజకీయాల్లోకి వచ్చిన కొత్తలో నక్సలైట్లు దేశభక్తులన్నారు. ఓ సినీ హీరో నోట ఆ మాట వచ్చేసరికి పోలీసు వ్యవస్థ ఉలిక్కిపడింది, పల్లెల్లో యువకులు చప్పట్లు కొట్టారు. గద్దెనెక్కి మూడేళ్లు తిరగకముందే పరిస్థితి తలకిందులైంది. 1985 సెప్టెంబరు 3న వరంగల్‌లో పౌరహక్కుల నాయకుడు, పిల్లల డాక్టరు రామనాథంను ఆయన క్లినిక్‌లోనే పోలీసులు కాల్చి చంపారు. అంతకు ముందురోజు నక్సలైట్లు ఓ ఎస్సైని చంపారు. ఆ ఎస్సై అంతిమయాత్రలో వెళ్తున్న పోలీసులే ఈ పని చేశారు. జ్వరంతో వచ్చిన పిల్లలకు మందు రాసిచ్చే డాక్టరు ఆ కసికి బలయ్యాడు. గ్రేహౌండ్స్ పుట్టింది కూడా ఎన్టీఆర్ ఆ విడత పాలన చివరి ఏడాది 1989లోనే.

ఎన్టీఆర్ ఒక్కరినే అనడం న్యాయం కాదు. తెలంగాణ ఉద్యమ కాలంలో నక్సలైట్ల ఎజెండాయే మా ఎజెండా అన్నది కె. చంద్రశేఖర్ రావు. రాష్ట్రం వచ్చాక, 2015 సెప్టెంబరులో, ఆయన పాలనలోనే వరంగల్ జిల్లా అడవుల్లో ఎన్‌కౌంటర్ జరిగింది. ఎంటెక్ చదివిన ఓ యువతి, ఆమె సహచరుడు చనిపోయారు. వాళ్లను చిత్రహింసలు పెట్టి చంపారని హక్కుల సంఘాలు ఆరోపించాయి. అధికారం పోయాక, 2025 ఏప్రిల్ 27న ఎల్కతుర్తి సభలో అదే కేసీఆర్ ఆపరేషన్ కగార్ ఆపాలని, మావోయిస్టులతో చర్చలు జరపాలని కేంద్రాన్ని డిమాండ్ చేశారు. ఆ డిమాండ్ సరైనదే. కానీ అది ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చుని చెప్పి ఉంటే ఎంత బరువుగా ఉండేది!

---
బాక్స్: నిషేధం వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది

తర్వాత మావోయిస్టు పార్టీగా మారిన పీపుల్స్ వార్ మీద తొలి నిషేధం 1992లో, నేదురుమల్లి జనార్దనరెడ్డి ప్రభుత్వంలో. 1995లో ఎన్టీఆర్ ఎత్తేశారు. 1996లో చంద్రబాబు మళ్లీ విధించారు. 2004లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం పొడిగించకుండా వదిలేసింది. 2005 ఆగస్టు 17న ఆ ప్రభుత్వమే తిరిగి విధించింది.

---

నాలుగు రోజులు ఎదురెదురుగా

ఇన్ని దశాబ్దాల్లో ఒక్కసారి మాత్రం ఈ ఎదురుమాట ప్రభుత్వ విధానమైంది. 2003 అక్టోబరు 1న అలిపిరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు కాన్వాయ్ మీద నక్సలైట్లు పెట్టిన క్లెమోర్ మైన్లు పేలాయి. ఆయన గాయాలతో బయటపడ్డారు. సానుభూతి ఓట్లు వస్తాయని లెక్కలు వేశారు కొందరు. 2004 ఎన్నికల్లో చర్చలు జరుపుతామన్న కాంగ్రెస్‌ను జనం గెలిపించారు. ఆ ఫలితానికి కారణాలు చాలా ఉన్నాయి, కరువు, కరెంటు అన్నీ. అయినా చర్చల మాట చెప్పినందుకు ఓటరు ఆ పార్టీని శిక్షించలేదన్నది మాత్రం నిజం.

ఆ ఏడాది అక్టోబరు 15 నుంచి 18 వరకు హైదరాబాద్‌లో హోం మంత్రి జానారెడ్డి బృందం, నక్సలైట్ నాయకులు రామకృష్ణ, సుధాకర్, గణేశ్, జనశక్తి నుంచి అమర్, రియాజ్ ఎదురెదురుగా కూర్చున్నారు. నక్సలైట్ నాయకులు బస చేసిన మంజీరా గెస్ట్‌హౌస్ ముందు రోజూ జనం బారులు తీరారు. అర్జీలు పట్టుకొచ్చినవాళ్లు కొందరు, ఏళ్ల కిందట ఇల్లు వదిలిన బిడ్డ ఆచూకీ అడగడానికి వచ్చినవాళ్లు కొందరు. భూమి, ప్రజాస్వామిక హక్కులు, కాల్పుల విరమణ మీద మాటలు నడిచాయి. ఆయుధాలతో ఊళ్లలోకి రావద్దని ప్రభుత్వం, ఆయుధం వదిలేది లేదని వాళ్లు. అక్కడ పీటముడి పడింది. జనవరి వచ్చేసరికి ఎన్‌కౌంటర్లు మళ్లీ మొదలయ్యాయి, మావోయిస్టులు చర్చల నుంచి తప్పుకున్నారు.

2005 ఆగస్టు 15న, స్వాతంత్ర్య దినం రోజున, నారాయణపేటలో మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డినీ, ఆయన కొడుకు వెంకటేశ్వరరెడ్డినీ, మరికొందరినీ మావోయిస్టులు కాల్చి చంపారు. చర్చల తలుపు ఆ తూటాలతో పూర్తిగా మూసుకుపోయింది. నర్సిరెడ్డి కూతురు డీకే అరుణ ఇప్పుడు బీజేపీ ఎంపీ. వెంకటేశ్వరరెడ్డి కూతురు పర్ణికారెడ్డి నారాయణపేట కాంగ్రెస్ ఎమ్మెల్యే. తూటాలకు బదులు తూటాలు అడగకుండా ఓట్లు అడిగారు వాళ్లు. చర్చలు కోరే మనలాంటివాళ్లం ఆ ఇళ్ల ముందు నిలబడి మాట్లాడగలగాలి. ఆ కుటుంబాల దుఃఖాన్ని దాటేసి చెప్పే శాంతి మాటకు విలువ ఉండదు.

---
బాక్స్: బందీ అయినాయనే మధ్యవర్తి

1987 డిసెంబరులో తూర్పు గోదావరి జిల్లా గుర్తేడు దగ్గర నక్సలైట్లు కొందరు ఐఏఎస్ అధికారులను ఎత్తుకెళ్లారు. వాళ్లలో ఎస్.ఆర్. శంకరన్ ఒకరు. వెట్టి చాకిరీ నిర్మూలనకు ప్రాణం పెట్టిన అధికారి. పదేళ్ల తర్వాత, 1997లో, పౌర స్పందన వేదికకు ఆయనే సారథి అయ్యారు. ప్రభుత్వ హింసనూ నక్సలైట్ల హింసనూ ఒకే నోటితో తప్పుపట్టి, 2004 చర్చలకు బాట వేశారు. పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. 2010లో మరణించారు.

---

ముద్రలు వేయడం తేలిక

2011 జూలై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు ఇచ్చింది. అయిదో తరగతి చదివిన ఆదివాసీ కుర్రాళ్లను ప్రత్యేక పోలీసు అధికారులంటూ చేర్చుకుని, తుపాకీ ఇచ్చి, నక్సలైట్ల మీదికి తోలడం చెల్లదన్నది దాని సారాంశం. పద్నాలుగేళ్లకు, 2025 ఆగస్టులో, సుదర్శన్ రెడ్డి ఇండియా కూటమి తరఫున ఉపరాష్ట్రపతి అభ్యర్థి అయ్యారు. ఆ తీర్పే లేకుంటే నక్సలిజం 2020 నాటికే అంతమయ్యేదని హోం మంత్రి అమిత్ షా విరుచుకుపడ్డారు. ఆ తీర్పు తన సొంతం కాదు, సుప్రీంకోర్టుది, చదివి ఉంటే అలా అనేవారు కాదని సుదర్శన్ రెడ్డి బదులిచ్చారు. పలువురు విశ్రాంత న్యాయమూర్తులు ఆయన పక్షాన నిలిచారు. సెప్టెంబరు 9 ఎన్నికలో ఓటమి ఊహించిందే. కానీ అయిదో తరగతి చదువు మాత్రమే ఉన్న కుర్రాళ్ల చేతి నుంచి తుపాకీ తీయించడం నక్సలిజానికి సాయం చేయడం ఎలా అవుతుందో హోం మంత్రి వివరించాల్సింది.

ఆ నెలలోనే అవతలి పక్షం నుంచి ఓ లేఖ బయటికొచ్చింది. పెద్దపల్లికి చెందిన మల్లోజుల వేణుగోపాల్, మావోయిస్టు పొలిట్‌బ్యూరో సభ్యుడు, బెంగాల్‌లో 2011లో చనిపోయిన కిషన్‌జీ తమ్ముడు, సాయుధ పోరాటాన్ని తాత్కాలికంగా విరమిద్దామన్నాడు. అది ఆయన సొంత అభిప్రాయం, పార్టీది కాదని సహచరులు తోసిపుచ్చారు. అక్టోబరు నడిమిన ఆయన అరవై మందితో గడ్చిరోలిలో ఆయుధాలు అప్పగించాడు. పార్టీ ద్రోహి అంది.

రావి నారాయణరెడ్డి పడ్డ నింద, వేణుగోపాల్ మీద పడ్డ నింద ఒక్కటే. తేడా ఒకటుంది. 1951లో ఆపాలన్న నిర్ణయం పార్టీ తీసుకుంది, మరుసటేడాది జనం దగ్గరికి వెళ్లింది, ఓట్లు అడిగింది, చట్టసభల్లో ప్రతిపక్షంగా కూర్చుంది. 2025లో లొంగుబాటు వేదిక, ఫొటోలు, రివార్డు లెక్కలే మిగిలాయి. తుపాకీ దించినవాణ్ణి రాజకీయాల్లోకి ఆహ్వానించే ఏర్పాటు ఏదీ కనబడదు. సీతక్కకు దొరికిన దారి అందరికీ దొరికేలా చేయడం ప్రభుత్వం పని, పార్టీల పని.

చేతిలో తుపాకీ ఉన్నవాళ్లతో చర్చలేమిటని కేంద్ర మంత్రి బండి సంజయ్ అన్నారు. ఆయన కోపానికి కారణాలున్నాయి, మందుపాతరలకు బలైన నాయకులు అన్ని పార్టీల్లోనూ ఉన్నారు. కానీ చేతిలో తుపాకీ లేనివాళ్లతో చర్చించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మాట్లాడాల్సింది తుపాకీ ఉన్నవాళ్లతోనే.

2004 చర్చల్లో తెగని భూమి ప్రశ్న మీద ప్రభుత్వం కోనేరు రంగారావు అధ్యక్షతన కమిటీ వేసింది. 2006లో అది 104 సిఫార్సులు చేసింది. అడవి మీద, అసైన్డ్ భూముల మీద, కౌలుదారుల మీద చేసిన ఆ సిఫార్సుల్లో చాలావాటితో ఇప్పటికీ పని ఉంది. రేపు ఓటు అడగడానికి మీ ఇంటి ముందుకొచ్చే నాయకుడు ఏ పార్టీ అయినా సరే, రెండు ప్రశ్నలు వేయండి. ప్రతిపక్షంలో ఉండి చర్చలు అంటున్నావు, గద్దెనెక్కాకా అంటావా? ఆ 104 సిఫార్సుల్లో నువ్వు అమలు చేసేవి ఏవి? జవాబు రాతపూర్వకంగా అడగండి.